హాజరులో దాటేసిన పేరు

నా బిడ్డ ఒకనాటికి నన్ను ‘అమ్మా’ అనడం మానేస్తుందేమోనన్నదే నా భయాలన్నిటిలోకీ పెద్దది. జ్వరం వస్తే కషాయం కాచి ఇస్తాను, అలిగితే బెల్లం ముక్క చేతిలో పెడతాను. దీనికి మాత్రం మందు తెలియదు. అందుకే మొదటే చెప్పేస్తున్నాను. ఈ వారం జరిగినదంతా ఆ భయం చుట్టూనే తిరిగింది.

పోయిన వారం ఎక్కడ ఆపానో గుర్తులేనివాళ్ళ కోసం రెండు మాటలు. మిల్లువాళ్ళు కట్టించిన ఆడపిల్లల కాలేజీలో నేను శిశువిహార్ ఆయాను. కాలేజీలో చదివే అమ్మాయిలు పిల్లల పెంపకం నేర్చుకోవడానికి పెట్టిన చిన్న బడి అది. మిల్లు లైను ఇళ్ళ పిల్లలు వస్తారు, వాళ్ళతో పాటు నా కూతురూ. శనివారం మధ్యాహ్నం గంట కొట్టాక పోర్టికోలో సూపరింటెండెంట్ అప్పసామి సారు స్టాఫ్ సంగతులు చదువుతారు. ఏ లెక్చరరు ఢిల్లీలో ఏ ట్రైనింగుకు పోతోంది, ఎవరికి ప్రమోషను, ఎవరింట పెళ్ళి. ఆయాలం, తోటవాళ్ళం వెనకాల నిలబడతాం. మాకు కావలసిన సంగతి ఎప్పుడూ ఆఖరునే వస్తుంది, సోమవారం సెలవా కాదా అని. ఆ శనివారం మాత్రం సెలవు మాటకు ముందు ఆయన నా పేరు చదివారు. ‘శిశువిహార్ ఆయా పళనియమ్మాళ్, మదురైలో ఆరు నెలల బాలబోధన శిక్షణకు ఎంపిక. తిరిగి వచ్చాక అసిస్టెంట్ టీచరు.’

నేను ఎవరినీ అడగలేదు. ఎనిమిదో తరగతి మధ్యలో పలక కింద పెట్టినదాన్ని, ఏ ముఖం పెట్టుకుని అడుగుతాను? మరి నా పేరు ఎవరిచ్చారు?

ఇంటికి రాగానే మొదట నా భర్త తంగవేలును పట్టుకున్నాను. ఆయన తుడియలూరులో పంపుల వర్క్‌షాపులో పోతపని చేస్తాడు. కాళ్ళు కడుక్కుంటున్నవాడు నీళ్ళ చెంబు కింద పెట్టి నవ్వాడు.

“నేను ఇచ్చి ఉంటే ఊరుకుందునా? టీ కొట్టులో అందరికీ నేనే టీ తీసిచ్చి ఉందును. ఇప్పుడు చూడు, వాళ్ళే నాకు తీసిస్తుండారు. టీచరమ్మ మొగుడంట.”

“నవ్వొద్దు. ఆ హాస్టల్లో బిడ్డల్ని ఉంచనియ్యరంట. ఆరు నెలలు చిట్టిని విడిచి ఎట్ల ఉండేది?”

“అమ్మ ఉండాది కదా, చూసుకుంటాది.”

“నేను లేకపోతే దాన్ని బడికి ఎవరు తీసుకుపోయేది? అత్త మిల్లుకి పోతే పగలంతా ఎవరు చూసేది?”

ఆయన మళ్ళీ నీళ్ళ చెంబు అందుకున్నాడు. పొయ్యి దగ్గర కూర్చున్న మా అత్త తల ఎత్తలేదు. చిట్టికి అన్నం పిసుకుతూనే ఉంది. అప్పుడే నాకు ఆ వింత మళ్ళీ కంటబడింది. పోయిన వారం చివర చెప్పానే, ఆమె జుట్టు. మిల్లు రీలింగులో నూలు చిలపలు చుట్టే ఆడవాళ్ళు ఇంటికి వచ్చేసరికి తల నిండా దూది నూగు పట్టి ఉంటుంది. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి సాయంత్రం సైరను కూశాక వాకిట్లో కూర్చుని ఆ నూగు దువ్వడం నా పని. ఇప్పుడు ఆమె అన్నం కారియరు పట్టుకుని పొద్దునే పోతోంది, సైరనుకే వస్తోంది. తల మాత్రం నూనె పెట్టి దువ్వినట్టు నల్లగా ఉంటోంది. దువ్వెన తెస్తే, “పోదుం అమ్మణి, చాలు, నీకు వేరే పని లేదా?” అని లేచిపోతోంది.

సోమవారం పనిలోకి రాగానే రామాయక్కను అడిగాను. ఆమె శిశువిహార్‌లో అందరికన్నా పాత ఆయా. నేల తుడిచేటప్పుడు కూడా వక్కాకు నములుతూనే ఉంటుంది.

“అక్కా, నా పేరు ఎవరిచ్చిరి?”

“నన్ను అడగొద్దు అమ్మణీ. సత్యం చేసిచ్చినాను.”

“ఎవరికి చేసిచ్చినావు?”

“అది చెప్తే సత్యం ఎక్కడ ఉంటాది?” అని గుడ్డ పిండుకుంటూ వెనక వరండాలోకి పోయింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి, “పేరు ఇచ్చినోళ్ళు నీ మేలు కోరినోళ్ళే. అంతవరకు చెప్తాను,” అంది.

ఆ వెనక వరండాకు నేను పోను. పిల్లలను విడిచి కదలకూడదని రూలు. రామాయక్క ఒక్కతే అంత వరండా తుడిచి, కడిగి, పాలగ్లాసులు తోమి ఎండబెడుతుంది. ఈ మధ్య ఆ గ్లాసులు మరీ తెల్లగా మెరుస్తున్నాయని నాకు అనిపించింది కూడా. అనిపించి ఊరుకున్నాను.

శుక్రవారం పొద్దున రుక్మణి టీచరు శిశువిహార్‌కు వచ్చారు. పిల్లల పెంపకం పాఠం చెప్పే లెక్చరరు. ఈ తమిళ ఊళ్ళో వాళ్ళ ఇంట్లోనూ మాలాగే తెలుగే. అందుకని తోటి టీచర్లతో ఇంగ్లీషు, మాతో తెలుగు. గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వెనకాల ఇద్దరు కాలేజీ అమ్మాయిలు నిలబడ్డారు.

“పళనియమ్మా, సోమవారం బస్సు. దానికి ముందు నేను ఒకటి చూడాలి. రోజూ ఎలా పేర్లు పిలుస్తావో అలాగే పిలువు. మదురైలో మొదటి పాఠం ఇదే. బిడ్డ పేరు పిలవాలి, బిడ్డ పలకాలి, అప్పుడే రోజు మొదలవుతుంది.”

నాకు భయం వేసింది. శిశువిహార్‌లో పేర్లు పిలవడం పాల దగ్గర జరుగుతుంది. పిల్లలు చాప మీద వరుసగా కూర్చుంటారు. నేను ఒక్కొక్క పేరు పిలుస్తాను. పిలిచిన బిడ్డ లేచి వచ్చి తన గ్లాసు తీసుకుంటుంది. రోజూ చేసే పనే. ఎందుకు భయమంటే, చెబుతాను.

మా ఇళ్ళల్లో కోడలు అత్త పేరు నోట పలకదు. పలికితే ఆ పెద్ద ప్రాణానికి కీడంటారు. మొదటి ఆడబిడ్డకు నాయనమ్మ పేరు పెట్టాలన్నదీ మా ఇళ్ళ పద్ధతే. ఈ రెండూ ఒకే ఇంట్లో చేరితే ఏమవుతుందో పెద్దవాళ్ళు ఆలోచించినట్టు లేదు. నా బిడ్డకు మా అత్త పేరు. కాబట్టి నా బిడ్డ పేరు నేను పలకలేను. కన్నతల్లి పేరు పెట్టి కూతురిని కసరడానికి ఆయనకు నోరు రాదు. తన పేరు పెట్టి తనే పిలవడానికి మా అత్తకు నవ్వు. అందరికీ అది చిట్టి. శిశువిహార్ హాజరు పుస్తకంలో మాత్రం చిట్టి అని రాసి లేదు. అందుకని పేర్లు పిలుస్తూ పిలుస్తూ నా బిడ్డ వంతు వచ్చేసరికి ఏమీ అనకుండా గ్లాసు తీసుకెళ్ళి చేతిలో పెట్టేదాన్ని. ఇన్నాళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోలేదనే అనుకున్నాను.

“అళగిరిసామీ,” అన్నాను. వాడు చొక్కా పైకి లాక్కుంటూ వచ్చాడు. “తిరుమలమ్మాళ్.” ఆ పిల్ల గ్లాసు అందుకుని అక్కడే సగం తాగేసింది. “బాలసుందరం.” వాడు రాడు, ఎప్పుడూ రెండోసారి పిలవాలి. రెండోసారి పిలిచాను, వచ్చాడు. ఆ తరువాత చేతిలో గ్లాసుతో చిట్టి దగ్గరికి నడిచాను.

“ఆగు,” అన్నారు టీచరు. “ఆ బిడ్డను పిలవలేదే.”

“ఇదిగో ఇస్తుండాను కదా టీచరమ్మా.”

“ఇవ్వడం కాదు. పేరు ఏమిటి?”

“చిట్టి.”

“అది ముద్దు పేరు. అసలు పేరు?”

“మీకు తెలిసిందే కదా.”

“నాకు తెలుసు. కుప్పమ్మాళ్. నీ నోట వినాలని అడుగుతున్నాను.”

వెనక నిలబడిన అమ్మాయిల్లో ఒకతె వంగి టీచరు చెవిలో ఏదో అంది. టీచరు ముఖం మారింది.

“పళనియమ్మా, ఒకటి అడుగుతాను, కంగారుపడకు. ఈ పిల్లలు వచ్చినప్పుడల్లా గమనించారు. కుప్పమ్మాళ్ అని ఎన్నిసార్లు పిలిచినా నీ బిడ్డ తల తిప్పదట. చెవి వినపడదేమోనని నాకు అనుమానం. డాక్టరుకు చూపించాలని ప్రిన్సిపాలుగారికి కూడా చెప్పాను.”

ఒక్క క్షణం చిట్టి వైపు తిరిగి చూశాను. ఆ వెంటనే నవ్వు కూడా వచ్చింది. ఆపుకోలేకపోయాను.

“చెవుడా? ఇంట్లో బెల్లం డబ్బా మూత తీస్తే లైను చివర నుంచి వచ్చి నిలబడతాది టీచరమ్మా. ఆ పేరు దానికి తెలియదు, అంతే. ఆ పేరు పెట్టి ఇంట్లో ఎవరూ పిలవరు.”

“ఎందుకు పిలవరు?”

చెప్పాను. చెబుతున్నంతసేపూ చీర కొంగు వేలికి చుట్టుకుంటూనే ఉన్నాను. చదువుకున్నావిడ, ఇంకేముంది, నవ్వుతారనుకున్నాను. నవ్వారు కానీ నేననుకున్న నవ్వు కాదు.

“మా ఇంట్లోనూ ఇదే కథ. మా అక్కకు మా నాయనమ్మ పేరు. పెళ్ళయి పంపేదాకా మా అమ్మ అక్కను ‘ఇదిగో’ అనే పిలిచింది. అక్క ఉత్తరాలు రాస్తే కింద ‘మీ ఇదిగో’ అని రాసేది.” అమ్మాయిలిద్దరూ కిసుక్కున నవ్వారు. టీచరు నవ్వు ఆపి నా వైపు సూటిగా చూశారు. “ఇంట్లో అయితే సరే. రేపు నువ్వు టీచరువు. ఒక గది నిండా పిల్లలు కూర్చుంటారు. అందరి పేర్లూ పిలిచి ఒక్క బిడ్డను దాటేస్తే, ఆ బిడ్డ ఏమనుకుంటుంది? నేను లెక్కలో లేననుకోదా?”

నేను చిట్టిని చూశాను. గ్లాసు అంచు మీద వేలు తిప్పుతూ ఆడుకుంటోంది. నేను తనను రోజూ దాటేస్తున్నానని దానికి తెలుసో తెలియదో. బడిలో అది నన్ను ఆయా అంటుంది. అందరూ అంటున్నారు కనుక తనూ అంటుంది. ఈ మధ్య ఇంటికి వచ్చాక కూడా ఒక్కోసారి ఆయా అనేస్తోంది. దాని పేరు నేను పలకను, నా పిలుపు అది పలకదు. ఆరు నెలలు విడిచిపోతే ఇద్దరి మధ్యా ఇంకేం మిగులుతుంది?

“నా దగ్గర రెండో పేరు ఒకటి ఉంది,” అన్నారు టీచరు మెల్లగా. “నిన్ను పంపకపోతే ఆమెను పంపాలి. ఈ మధ్యాహ్నం లోపల ప్రిన్సిపాలుగారికి చెప్పాలి. నువ్వు పిలవగలిగితే నువ్వు పోతావు.”

“పిలుస్తాను టీచరమ్మా. ముందు ఒకటి చెప్పండి. నా పేరు ఎవరిచ్చిరి?”

“బేరమా?”

“బేరం కాదు. వారమంతా అదే తలలో తిరుగుతుండాది. అన్నం దిగలేదు.”

ఆవిడ కిటికీ వైపు ఒకసారి చూశారు. “మాట ఇచ్చాను, చెప్పకూడదు. నువ్వు పిలువు. నీకే తెలుస్తుంది.”

ఎందుకలా అన్నారో అప్పుడు అర్థం కాలేదు. చిట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. మొదటిసారి పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. కళ్ళు మూసుకుని, మనసులో మా అత్త కాళ్ళకు దండం పెట్టుకుని, రెండోసారి పిలిచాను. గట్టిగానే పిలిచాను. మిగతా పిల్లలు కూడా గ్లాసులు ఆపి చూశారు.

చిట్టి తల ఎత్తలేదు.

కిటికీ అవతల నుంచి మాత్రం, “ఆఁ, ఉండాను,” అని వినిపించింది.

అది ఆలోచించి ఇచ్చిన జవాబు కాదు. మిల్లు గేటు దగ్గర పొద్దున మేస్త్రీ పేర్లు పిలుస్తుంటే ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు పలికే గొంతు అది. లేచి కిటికీ దగ్గరికి పోయాను. వెనక వరండాలో, చేతిలో తడి గ్లాసుతో, మా అత్త.

ఆమె గ్లాసు కింద పెట్టి చేతులు చీరకు తుడుచుకుంది.

“అత్తా, మిల్లుకి పోలేదా?”

“మిల్లు పోదుం అనేసినాది అమ్మణి. కొత్త మెషినులు వచ్చినాయి కదా. రీలింగులో ఆడోళ్ళకి ఇంక వేలై లేదంట, పనిలోంచి తీసేసినారు.”

“ఎప్పుడు?”

“అయినాది కొంత దినం.”

“రోజూ కారియరు పట్టుకుని పోతివే.”

“ఇక్కడికే వస్తిని. రామాయికి ఒక చెయ్యి సాయం. సైరను దాకా బిడ్డను చూస్తా కూర్చుందును. నువ్వు ఈ పక్క చూడవు.” ఆమె చిన్నగా నవ్వింది. “నువ్వు బిడ్డలకు పాట చెప్పేది కూడా విన్నాను. ఈ టీచరమ్మ కూడా విన్నాది. అప్పుడే ఆమె కాడ పోయి నీ పేరు చెప్పినాను.”

“నాకు ఒక్క మాట చెప్పకూడదా అత్తా?”

“చెప్తే నువ్వు పోవు. నేను మిల్లు విడిచినానని తెలిస్తే ఆయాగానే ఉండిపోదువు, ఇల్లు జరగాలంటావు. నన్ను ఒక దినం కూడా బడికి పంపలేదు మా నైనా. నూలు పట్టిన చెయ్యి నాతో ఆగిపోనీ.”

నా వెనక చిట్టి లేచి వచ్చి కిటికీ చువ్వలు పట్టుకుంది.

“ఆయా, అవ్వ,” అని నాకు చూపించింది.

“ఆయా కాదు కణ్ణు,” అంది మా అత్త వంగి. “అమ్మ. అమ్మా అను.” తరువాత నా వైపు చూసి ఒక మాట అడిగింది. అడిగిన తీరు ఇప్పటికీ చెవిలో ఉంది. “ఇంకొకసారి పిలువు అమ్మణి.”

“ఎవరిని అత్తా?”

“ఆ పేరు. మీ మామ పోయినాక ఇంట్లో ఎవరూ ఆ పేరు పెట్టి పిలవలేదు. మిల్లులో మేస్త్రీ పిలుస్తాండె. ఇప్పుడు అదీ లేదు. నువ్వు పిలిస్తే బాగుండాది వినడానికి.”

పిలిచాను. ఈసారి అవ్వా మనవరాలూ ఇద్దరూ నా వైపు చూశారు.

టీచరు కుర్చీ జరిపి లేచి, అమ్మాయిలతో ఇంగ్లీషులో ఏదో చెప్పి, నా భుజం మీద చెయ్యి వేసి, “సోమవారం బస్సుకు రా,” అని వెళ్ళిపోయారు. బాలసుందరం అప్పటికే పాలు చాప మీద ఒలకబోశాడు. నేను గుడ్డ తెచ్చి తుడిచి, మిగతా పేర్లు పిలిచి, గ్లాసులు పంచి, పిల్లలను పడుకోబెట్టాను. నా మనసంతా వెనక వరండాలోనే ఉంది. ఆమె జుట్టు దువ్వాలి. ఒట్టి జుట్టయినా దువ్వాలి. రేపటి నుంచి కారియరు వద్దని చెప్పాలి. చిట్టిని పగలంతా ఆమె చేతుల్లో పెట్టి నేను పోగలను, నా భయంలో సగం ఆ పూటే తీరిపోయింది అని చెప్పాలి.

రామాయక్క లోపలికి రాగానే పిల్లలను ఆమెకు అప్పగించి వెనక్కి పోయాను. వరండాలో గ్లాసులు వరుసగా బోర్లించి ఉన్నాయి. కారియరు మెట్టు మీద ఉంది. మూత తీస్తే అన్నం కదిలించినట్టు లేదు. ఆమె లేదు.

“రామాయక్కా, అత్త ఎక్కడ?”

“పోయినాది.”

“ఇంటికా?”

రామాయక్క వక్కాకు ఉమ్మి వచ్చి నా పక్కన నిలబడింది. మొదటిసారి ఆమె నోట్లో ఏమీ లేదు.

“నువ్వు రెండోసారి పిలిచినాక కుప్పమ్మాళ్ ఈడనే కూర్చుని కొంచెం సేపు నవ్వినాది, కొంచెం సేపు ఏడ్చినాది. ‘నా పేరు దానికి అందినాది రామాయీ, ఇంక సరి. సంపాదన లేకుండా ఇంట్లో కూర్చుని తినను’ అన్నాది. ఆమీద పెరియకుళం పోయే బస్సు ఎక్కడ నిలుస్తాదని అడిగినాది. వెనక గేటులో పోయినాది.”

“మళ్ళీ వస్తానని అనలేదా?”

“అనలేదు.”

సాయంత్రం సైరను కూసింది. లైను ఇళ్ళ ముందు మిల్లు మగవాళ్ళు తలలు దులుపుకుంటూ వస్తున్నారు. ఆయన మిల్లు గేటుకు ఒకసారి, బస్సు నిలిచేచోటికి ఒకసారి పోయి వచ్చాడు. నేను బిడ్డను చంకనేసుకుని ఇల్లిల్లూ అడిగాను. “మా అత్త కనబడినాదా?” అంటే పక్కింటి ఆరాయి, “ఏ అత్త అమ్మణి? ఈ లైనంతా అత్తలే కదా. పేరు చెప్పు,” అంది. నోరు తెరిచాను. పొద్దున పిలిచిన నోరే. ఇప్పుడు మాత్రం రాలేదు. పలికినందుకే పోయిందేమోనని భయం పట్టుకుంది. మూడోసారి పలికితే ఏమవుతుందోనని భయం. చిట్టిని కిందికి దించాను. అది వాకిట్లో అవ్వ కూర్చునే చోట కూర్చుని, ‘అమ్మా’ అని దువ్వెన నాకు అందించింది.

పెరియకుళంలో ఆమెకు ఒక తమ్ముడు ఉన్నాడని మాత్రం తెలుసు, నల్లసామి, మామిడి తోపుల్లో కాపలా. ఏ తోపో తెలియదు. బస్సు సోమవారం. చిట్టిని ఎవరి చేతిలో పెట్టి ఎక్కను?

ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరైనా పెరియకుళం కొండ దిగువన ఉంటే, లేదా ఆ పక్కగా పోయే పని ఉంటే, తోపుల దగ్గర కాస్త ఆగి చూడండి. సన్నగా ఉంటుంది, ఎర్ర గళ్ళ చీర, కుడి చూపుడు వేలి మీద నూలు కోసిన గీత. తలలో దూది నూగు ఉండదు. దగ్గరికి పోయి పేరు పెట్టి పిలవండి. ఆ పేరు నేను ఇక్కడ రాయలేను, పైన టీచరమ్మ నోట చదివారు కదా. ‘ఆఁ, ఉండాను’ అంటే ఆమే. చిట్టి ఈ రోజు నన్ను అమ్మా అని పిలిచిందని చెప్పండి. పలకకపోతే, ఇంకొకసారి పిలవండి.